ఖరీదు రాయించదు

డిసెంబరు మూడో వారం దాటిందంటే ఒక సలహా ఊరంతా తిరగడం మొదలవుతుంది. రీల్స్‌లో చెబుతారు, ఆఫీసు ట్రైనింగుల్లో చెబుతారు, గ్రూప్స్ కోచింగులో ఉత్సాహం నూరిపోసే సారూ చెబుతారు. ‘‘ప్లానర్ కొనేట్టయితే మంచిదే కొనండి. యాభై రూపాయల పుస్తకమైతే రెండు వారాల్లో మూలన పడేస్తారు. వెయ్యి పెట్టి కొంటే ఆ వెయ్యే మిమ్మల్ని కూర్చోబెట్టి రాయిస్తుంది.’’

ఈ మాట చెప్పేవాళ్లందరూ సరుకు అమ్ముకునేవాళ్లు కారు. చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే చెబుతారు. కాబట్టి వాళ్ల వాదాన్ని పలచన చేయకుండా, వాళ్లు చెప్పినంత గట్టిగానే ముందు చెప్పుకుందాం. ఒకటి: చేతిలోంచి డబ్బు పోతేనే మనిషికి వస్తువు మీద పట్టింపు వస్తుంది, బ్యాంకువాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ గతేమైందో ప్రతి ఇంటికీ తెలుసు. రెండు: నాసి కాగితం మీద ఇంకు అవతలి పేజీకి దిగుతుంది, రాయాలనే కోరికే చచ్చిపోతుంది. మూడు: మంచి ప్లానర్లో లక్ష్యాలు, అలవాట్లు, ఖర్చులు, తాగిన నీళ్లు, ఆ రోజు మనసెలా ఉందో, అన్నిటికీ చోటుంటుంది కాబట్టి జీవితం మొత్తం ఒక్కచోట కనిపిస్తుంది. నాలుగు: ఏడాదికి వెయ్యంటే రోజుకు మూడు రూపాయలు కూడా పడదు, టీ కంటే చవక.

వినడానికి నాలుగూ పొందికగానే ఉన్నాయి. ఒక్కటీ నిలవదు. చదువో, ఉద్యోగమో, ఇల్లో, చిన్న వ్యాపారమో చూసుకునే మామూలు మనిషికి వారానికి రెండు పేజీల చొప్పున ఉండే సన్నటి, చవకైన పుస్తకం గతిలేక సర్దుకుపోయే వస్తువు కాదు. సరైన వస్తువే అది. ఖరీదైనది చాలా సందర్భాల్లో పనికి అడ్డమే.

ఒకటి: ‘డబ్బు పెడితే రాస్తాం’

ఇందులో సగం నిజం ఉంది. మోసం చేసేది ఆ సగమే.

పెట్టిన డబ్బు వృథా కాకూడదని మనిషి పాకులాడతాడు, కాదనలేం. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు తమ అధ్యయనం ఒకటి ప్రచురించారు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయం నాటకశాలలో సీజన్ టిక్కెట్టు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, అంటే 15 డాలర్లకు ఇచ్చారు. కొందరికి 2 డాలర్లు, ఇంకొందరికి 7 డాలర్లు తగ్గించారు. ఎవరికి ఏ ధర అన్నది వాళ్లు కోరుకున్నది కాదు, లాటరీ తీసినట్టు పడింది. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలు చూశారు. ఖరీదు వాదులు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. ఆ అధ్యయనం మాత్రం అక్కడ ఆగలేదు. రెండో సగానికి వచ్చేసరికి పూర్తి ధర పెట్టినవాళ్లకూ తగ్గింపు పొందినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేకుండా పోయింది.

1998లో జాన్ గూర్విల్, దిలీప్ సోమన్ వ్యాయామశాల సభ్యుల హాజరు చూశారు. ఆరు నెలలకోసారి రుసుము కట్టేవాళ్లు, కట్టిన వెంటనే వచ్చే నెలల్లో బాగా వచ్చారు. రోజులు గడిచేకొద్దీ రాక తగ్గింది. మళ్లీ కట్టాక మళ్లీ పెరిగింది. పెట్టిన డబ్బు గుచ్చుకునే బాధ కొన్నాళ్లే. ఆ తర్వాత మొద్దుబారుతుంది.

దీన్ని ప్లానర్‌కి అన్వయించి చూడండి. జనవరిలో రాయడానికి ఎవరికీ తోపు అక్కర్లేదు. కొత్త సంవత్సరమే తోస్తుంది. అసలు పరీక్ష జూలైలో, పిల్లల జ్వరాలూ వానలూ ఆఫీసు ఆడిట్లూ అన్నీ ఒక్కసారే మీదపడ్డప్పుడు. వెయ్యి రూపాయల బాధ ఆ నాటికి ఎప్పుడో మరిచిపోయి ఉంటాం. అవసరం లేని నెలలో పనిచేసి, అవసరమైన నెలలో చేతులెత్తేసే మందును మందని ఎవరంటారు?

ఇక ఊరికే వచ్చిన బ్యాంకు డైరీ సంగతి. అది అటక మీదికి చేరడం నిజమే. ఊరికే రావడం వల్లే చేరిందంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే అదే జనవరిలో, అదే ఇంటికి, కిరాణా కొట్టువాళ్లో బంగారం షాపువాళ్లో ఇచ్చిన గోడ క్యాలెండరూ ఊరికే వచ్చింది. దాని గతి చూడండి. పాలవాడు రాని రోజు సున్నా, గ్యాస్ బండ మార్చిన తేదీ, చీటీ కట్టాల్సిన రోజు, పెద్దబ్బాయి ఫీజు గడువు, పనిమనిషి నాగాలు, పెళ్లి ముహూర్తాలు. డిసెంబరు వచ్చేసరికి ఆ కాగితంలో తెల్లచోటు కనపడదు. వెంకట్రామా క్యాలెండరులాంటివి కొనుక్కునే ఇళ్లలోనూ అది ఎంతో ఖర్చు కాదు. తెలుగింట్లో అన్నిటికన్నా నమ్మకంగా నడుస్తున్న ప్లానర్ ఏదంటే ఆ గోడ మీదిదే. పుణ్యానికి వచ్చిన కాగితం ఏడాదంతా వాడకంలో ఉంటే, పుణ్యానికి వచ్చిన అట్ట పుస్తకం ఎందుకు లేదు? క్యాలెండరు వంటింటి గుమ్మం పక్కన కళ్లెదుట ఉంటుంది. రోజుకు చిన్న గడి ఇస్తుంది, పేజీ ఇచ్చి నింపమనదు. పక్కనే మేకుకు దారంతో కట్టిన పెన్ను వేలాడుతుంది. చోటు, కొలత, అందుబాటు: వాడకాన్ని తేల్చేవి ఈ మూడు. ధర ఈ లెక్కలోకి రాదు.

ఖరీదు వెనక ఇంకో నష్టముంది. ఖరీదు వాదులు దాన్ని ఎప్పుడూ పైకి తీయరు. మంచి పుస్తకం పాడైపోతుందన్న భయం. మొదటి పేజీ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుతుంది. రెండో వారం ఒక పని కొట్టేయాల్సి వస్తే చెయ్యి ఆగుతుంది. మూడో వారం ఫోనులో ఎవరో చెప్పిన నంబరు రాసుకోవాలంటే పక్కనున్న కరెంటు బిల్లు వెనక రాస్తాం గానీ ఆ నున్నటి క్రీము రంగు పేజీ మీద రాయం. బీరువాలో మడతపెట్టిన పట్టుచీరకు ఉన్న మర్యాదే ఈ పుస్తకానికీ దక్కుతుంది, వాడకమూ అంతే దక్కుతుంది. ప్లానర్ అన్నది కొట్టివేతల కోసం పుట్టిన వస్తువు. చిత్తు రాయడానికి వెనకాడే పుస్తకంలో ప్రణాళిక ఉండదు, అందమైన చేతిరాత ఉంటుంది.

రెండు: ‘కాగితం దళసరిగా ఉండాలి’

దుకాణంలో ఇప్పుడు అందరి నోటా వినిపించే మాట జీఎస్ఎం. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే దాని అర్థం. అది బరువు కొలత మాత్రమే. ఇంకు పీల్చుకుంటుందా, అవతలికి దిగుతుందా అన్నది తయారీలో కాగితానికి ఎక్కించే గంజిలాంటి పూత మీద ఆధారపడుతుంది. 100 జీఎస్ఎం అని అట్ట మీద ముద్రించిన పుస్తకంలో ఇంకు పాకవచ్చు, 70 ఉన్నదాంట్లో నిలవవచ్చు.

ఖరీదైన ప్లానర్ల అభిమానులే దీనికి సాక్ష్యం ఇస్తున్నారు, తెలియకుండా. జపాన్ నుంచి వచ్చే హొబోనిచి టెచో అంటే వాళ్లకు ప్రాణం. ఆ పుస్తకం పేరు మోసింది టొమోయే రివర్ అనే కాగితంతో. దాని బరువు 52 జీఎస్ఎం. మన జిరాక్సు షాపులో వాడే 75 జీఎస్ఎం కాగితం కంటే పలచన! లోకంలో అందరికన్నా మోజుపడి కొనే ప్లానరే పలచటి కాగితం మీద నడుస్తుంటే, ఇక్కడ దళసరి కాగితం పేరు చెప్పి ధర పెంచడం ఏ లెక్క?

పెన్ను సంగతి కూడా చూడాలి. రాజమండ్రి రత్నం పెన్నులాంటి ఇంకు పెన్నుతో రాసేవాళ్లుంటే వాళ్లకు కాగితం మీద పట్టింపు న్యాయమే, వాళ్లతో నాకు పేచీ లేదు. తక్కిన మనందరం బాల్‌పెన్నుతో రాస్తాం. బాల్‌పెన్ను ఇంకు చిక్కటి నూనె ఇంకు, బడిపిల్లల నోటుపుస్తకంలో కూడా అవతలికి దిగదు. పదో తరగతి వరకు ఆ నోటుపుస్తకాల్లోనే రాసి పాసైన చేతికి, పాలూ కూరగాయలూ రాసుకోవడానికి ఫ్రాన్సు కాగితం కావాలట.

దళసరి కాగితానికి చెల్లించే మూల్యం రూపాయల్లో ఆగదు. ఏ5 సైజు కాగితం చదరపు మీటరులో 32వ వంతు. 80 జీఎస్ఎం అయితే ఆకు రెండున్నర గ్రాములు. రోజుకో పేజీ ఉండే పుస్తకానికి 183 ఆకులు కావాలి, అట్ట కాకుండానే 457 గ్రాములు. కాగితం 100 జీఎస్ఎం అయితే అరకిలో దాటుతుంది. వారానికి రెండు పేజీలుండే పుస్తకానికి 52 ఆకులు చాలు, 130 గ్రాములు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, గొడుగు మోస్తూ సిటీ బస్సు ఎక్కే ఉద్యోగిని బ్యాగులో ఏది నిత్యం ఉంటుంది, ఏది ఇంటి దగ్గర బల్ల మీద ఉండిపోతుంది? ఇంట్లో ఉండిపోయిన ప్లానర్‌లో ఎంత మంచి కాగితం ఉంటే మాత్రం ఏం లాభం!

మూడు: ‘అన్నిటికీ గళ్లు ఉండాలి’

నన్నడిగితే నాలుగింటిలో అన్నిటికన్నా చెరుపు చేసేది ఈ మూడోదే. ఎందుకంటే ఇది బలహీనతను గుణంగా చూపిస్తుంది.

వెయ్యి రూపాయల ప్లానర్ తెరవండి. ముందు పదిహేను, ఇరవై పేజీలు ప్రశ్నలే. అయిదేళ్ల తర్వాత మీరెక్కడుంటారు? మీ విలువలేమిటి? తర్వాత ప్రతి వారానికీ అలవాట్ల పట్టిక, కృతజ్ఞతల గడి, నీళ్ల గ్లాసుల బొమ్మలు, మూడ్ తెలిపే మొహాలు. అసలు సోమవారం ఏం చేయాలో రాసుకోవడానికి మిగిలేది అరచేతి మందం చోటు. ఈ గళ్లు ఎందుకున్నాయంటే, గీతలు మాత్రమే ఉన్న పుస్తకానికి వెయ్యి అడగలేరు కాబట్టి. ధర ముందు నిర్ణయమైంది, దాన్ని సమర్థించే గళ్లు తర్వాత పుట్టాయి.

గడి అంటే ఒక పని. నింపని ప్రతి గడీ ఒక చిన్న నేరారోపణ. మంగళవారం నీళ్ల గ్లాసులు లెక్కపెట్టలేదు, బుధవారం కృతజ్ఞత రాయలేదు, గురువారానికి పుస్తకం తెరవాలంటేనే ముఖం చాటేస్తాం. పనులు తగ్గించుకోవడానికి కొన్న వస్తువు రోజుకు అరడజను కొత్త పనులు పెట్టింది.

రోజును అరగంటల కింద కోసి పెట్టే గళ్లయితే మరీను. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేస్తాడన్నది పాత సంగతే. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో డిగ్రీ విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో పూర్తవుతుందన్నారు. పట్టింది 55 రోజుల పైన. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పది, పది నుంచి పదిన్నర అని గీతలు గీసిన పేజీ ఈ అత్యాశకు అచ్చు వేసిన ఫారం. పదకొండింటికే అది అబద్ధమవుతుంది. వారం మొత్తం రెండు పేజీల్లో కనపడితే బుధవారం జరగని పని శుక్రవారానికి బాణం గీసి జరుపుతాం. అంతటితో అయిపోతుంది.

ఈ గళ్లు ఏ దేశపు జీవితానికి కొలిచి కుట్టారో కూడా చూడాలి. చాలా వారపు ప్లానర్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో రోజుకు పూర్తి గడి ఉంటుంది. శని, ఆదివారాలను కింద మూలన ఒకే గడిలో సగం సగం సర్దుతారు. వారానికి అయిదు రోజులే పనిచేసే ఊళ్లకు అది చెల్లుతుంది. మన దగ్గర బళ్లు శనివారం నడుస్తాయి. బ్యాంకులకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలే సెలవు. టైలరు షాపుకీ, ట్యూషన్ సెంటరుకీ, బ్యూటీ పార్లరుకీ ఆదివారమే రద్దీ. ఇల్లు నడిపే ఇల్లాలికైతే చెప్పనక్కర్లేదు, అందరూ ఇంట్లో ఉండే రోజే ఆమెకు పని ఎక్కువ. ఆ రోజుకే అర గడి! తేదీల పక్కన ఎక్కడివో సెలవులు అచ్చయి ఉంటాయి, ఉగాది కనపడదు.

లిపి సంగతి ఎవరూ మాట్లాడరు. అయిదు మిల్లీమీటర్ల ఎడంతో చుక్కలో గీతలో ఉన్న పుస్తకాలు ఇంగ్లిషు అక్షరానికి సరిపోతాయి. మన అక్షరానికి నెత్తిన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఆ ఎడంలో ‘రాష్ట్ర గ్రంథాలయం’ అని రాసి చూడండి. పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ కొట్టుకుంటాయి. బడి నోటుపుస్తకంలో ఎడం ఎక్కువ కాబట్టే అందులో తెలుగు ఊపిరి పీల్చుకుంటుంది. వెయ్యి పెట్టి కొన్న పుస్తకంలో సొంత భాష రాయడం ఇబ్బందై, జనం సగం ఇంగ్లిషులో పొడి అక్షరాలతో సరిపెట్టుకుంటున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇంతకీ ఈ వర్తకమంతా ఎవరి పేరు చెప్పి నడుస్తోంది? 1984లో అమెరికాలో ఫ్రాంక్లిన్ ప్లానర్ అని ఒకటి వచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు అది. ఆయన తన ఆత్మకథలో రాసుకున్న సంగతి మాత్రం ఇది. 13 గుణాలు అలవరచుకోవాలనుకున్నాడు. చిన్న పుస్తకం ఒకటి తీసుకుని తానే ఎర్ర సిరాతో గీతలు గీశాడు. వారానికి ఏడు నిలువు వరుసలు, గుణాలకు 13 అడ్డ వరుసలు. తప్పిన రోజున ఆ గడిలో నల్లచుక్క. వారానికో గుణం మీద దృష్టి, 13 వారాలకో చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. అంటే ఆయన వాడింది సొంతంగా గీసుకున్న వారపు ప్లానర్. ఖరీదు వాదుల్లో చదువుకున్నవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం తేవచ్చు: తర్వాత ఆయన దంతపు రేకుల పుస్తకానికి మారాడు కదా అని. మారాడు. ఎప్పుడు మారాడు? పాత చుక్కలు గీకి గీకి కాగితానికి చిల్లులు పడ్డాక. వాడకం ముందు, ఖర్చు తర్వాత. ఈ రోజు మనకు చెబుతున్నది సరిగ్గా తలకిందుల క్రమం.

బుల్లెట్ జర్నల్‌దీ ఇదే కథ. రైడర్ కారల్ 2013లో ఆ పద్ధతిని లోకానికి చూపించినప్పుడు కావలసినవి ఖాళీ నోటుపుస్తకం, పెన్ను. ఆ పేరుతో ఇప్పుడు కనిపించేవి రంగు టేపులు, స్టిక్కర్లు, పన్నెండు రంగుల బ్రష్ పెన్నులు. ఆదివారం మధ్యాహ్నమంతా వచ్చే వారానికి పూలతీగలు గీయడంలో గడిచిపోతే, అది ముచ్చటైన కాలక్షేపమే. ప్రణాళిక అనకండి, చాలు.

నాలుగు: ‘రోజుకు మూడు రూపాయలే’

వెయ్యిని 365తో భాగిస్తే రెండు రూపాయల డెబ్భై నాలుగు పైసలు. భాగహారం తప్పు లేదు. భాజకమే తప్పు. ఏడాదిలో ప్రతి రోజూ రాస్తామన్నది ముందే ఒప్పేసుకున్న లెక్క ఇది, తేలాల్సిన సంగతి అదే కదా! ఫిబ్రవరి మధ్యలో ఆపేసినవాడికి అదే పుస్తకం రోజుకు ఇరవై రెండు రూపాయలు పడింది. అదీకాక, 365తో భాగిస్తే ఏది చవక కాదు? పద్దెనిమిది వేల ఫోను కూడా రోజుకు యాభై రూపాయలే. వాయిదాల మీద అమ్మేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న కిటుకిది.

తేదీలు అచ్చేసిన పుస్తకానికి ఇంకో జబ్బుంది. వారం వారం దాని విలువ కరిగిపోతుంది. మార్చిలో కొంటే తొమ్మిది వారాలు కొనకముందే చెత్త. అందుకే ఫిబ్రవరి నుంచి ఫుట్‌పాత్ మీద డైరీల ధరలు పడిపోతాయి. మన పనుల్లో చాలావాటికి సంవత్సరం జనవరిలో మొదలవదు. లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న, బడి సంవత్సరం జూన్ రెండో వారంలో మొదలవుతాయి. డీఎస్సీకి చదివేవాళ్లకు నోటిఫికేషన్ పడిన రోజే సంవత్సరాది.

పన్ను సంగతి మరీ విచిత్రం. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాల మీద జీఎస్టీ లేదు. డైరీల మీద 18 శాతం ఉంది. అదే కాగితం, అవే గీతలు. మీద తేదీలు అచ్చయినందుకు ఖజానాకు విడిగా చదివింపు. ఏడు తేదీలు మన చేత్తో రాసుకోవడం నిమిషం పని.

సరే, ఏది కొనాలి?

చవకదంటే నాసిదని ఎవరన్నారు? చవకవాటిలో చెత్తా ఉంటుంది, దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. దుకాణంలో పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టండి. చెయ్యి తీస్తే మూసుకుపోయేది వద్దు. జిగురుతో అంటించిన వీపు అలాంటిది, విరగదీస్తే ఆకులు ఊడతాయి. కుట్టుదో, స్పైరల్‌దో, మధ్యలో పిన్ను కొట్టిందో అయితే చదునుగా పడుకుంటుంది. రోజూ వాడే మీ పెన్నుతో చివరి పేజీ మూలన తెలుగులో ఒక మాట రాసి తిప్పి చూడండి. దుకాణదారు గొణుగుతాడు, గొణగనివ్వండి. శని, ఆదివారాలకు పూర్తి గళ్లున్నాయో లేవో చూడండి. గీతలు లేత రంగులో ఉండాలి, మన రాత కంటే అచ్చు గీత కొట్టొచ్చినట్టు కనపడకూడదు. తేదీలు లేకపోతే మంచిది. ఇంతకు మించి చూడాల్సింది లేదు. ఇవన్నీ ఉన్న పుస్తకానికి నూట యాభై దాటి పెట్టాల్సిన పని లేదు.

దొరక్కపోతే 13 ఏ4 కాగితాలు చాలు. మధ్యకు మడిస్తే ఒక్కోటి నాలుగు పేజీలు, మొత్తం 52. వారానికి రెండు పేజీల చొప్పున 26 వారాలు, సరిగ్గా ఆరు నెలలు. స్కేలు పెట్టి గీతలు గీయండి, లేదా ఒక్క పేజీ గీసి జిరాక్సు తీయించండి. వైపుకు రెండు రూపాయలనుకున్నా యాభై రెండు రూపాయలు. మధ్యలో పెద్ద స్టాప్లరుతో రెండు పిన్నులు. ఆరు నెలల తర్వాత పద్ధతి మార్చుకోవాలనిపిస్తే కొత్తది వేరేగా గీసుకోవచ్చు. వెయ్యి పెట్టినవాడికి ఆ స్వేచ్ఛ ఉండదు, డిసెంబరు దాకా ఆ గళ్లతోనే కాపురం.

అటక మీద పాత డైరీలుంటే వాటినీ దింపండి. 2021 వారాలే 2027కి వస్తాయి, 2015 వారాలే 2026కి. కరోనా ఏడాదిలో ఖాళీగా మిగిలిన డైరీలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో లెక్కలేదు. పండగలు కలవవు, తిథులు కలవవు. వాటికి గోడ మీది క్యాలెండరు ఉండనే ఉంది.

‘‘ఇంత పొదుపైతే ఫోనే వాడొచ్చుగా, అది ఊరికేగా?’’ అనేవాళ్లకు ఒక్క మాట. అలారం మోగించడానికి ఫోనే వాడండి, దానికి సాటి లేదు. వారం మొత్తం ఒక్క చూపులో కనపడటానికి అరచేతి తెర చాలదు. రేపటి పని చూద్దామని తీసినవాడు వాట్సాప్‌లో తేలతాడు. చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందన్న 2014 నాటి ప్రసిద్ధ అధ్యయనాన్ని ఇక్కడ సాక్ష్యంగా తీసుకురాను. 2019లో దాన్ని తిరిగి చేసి చూసినవాళ్లకు తేడా అంత స్పష్టంగా దొరకలేదు. ఖరీదు వాదులు మాత్రం దాన్ని ధారాళంగా వాడుకుంటారు. అది నిజమే అనుకున్నా, అందులో పోల్చింది పెన్నునూ ల్యాప్‌టాప్‌నూ. నోటుపుస్తకం ధర గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ముచ్చటపడి ఖరీదైన పుస్తకం కొనుక్కునేవాళ్లతో నాకు తగాదా లేదు. మంచి కాగితం మీద రాయడంలో సుఖముంది, ఆ సుఖానికి డబ్బు పెట్టడంలో తప్పేమీ లేదు. ఆ సుఖాన్ని క్రమశిక్షణ అని పేరు మార్చి, ట్యూషన్ ఫీజు కట్టడానికే తడుముకునే పిల్లలకు ‘వెయ్యి పెట్టలేకపోతే నీకు పట్టుదల లేనట్టే’ అని చెప్పడంతోనే తగాదా. హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదివే అమ్మాయికి వెయ్యి రూపాయలంటే పాత మోడల్ పేపర్లు, నెలంతా టీ, ఇంటికి ఒకసారి బస్సు చార్జీ. ఆమె వాటిని వదులుకుని ప్లానర్ కొంటే, మార్చిలో అది ఖాళీగా మిగిలితే, తప్పు ఎవరిదని చెబుతారు ఈ సలహాదారులు? పుస్తకానిది అనరు. ఆమెకు శ్రద్ధ లేదంటారు. సరుకు ఎప్పుడూ ఓడిపోకుండా, కొన్న మనిషి ఎప్పుడూ ఓడిపోయేలా అల్లిన వాదమిది.

సలహాదారులకు నిజంగా జనం రాయాలనే ఉంటే, వెళ్లి అచ్చువాళ్లను అడగాల్సినవి కొన్నున్నాయి. శనివారానికీ ఆదివారానికీ పూర్తి గడి. తెలుగు ఒత్తులు పట్టే ఎడం. జనవరికి కట్టుబడకుండా ఆరేసి నెలల చిన్న పుస్తకాలు, బడి తెరిచే జూన్‌లోనూ దొరికేలా. కుడివైపు పేజీ ఖాళీగా, ఎందుకైనా పనికొచ్చేలా. మధ్యలో రెండు పిన్నులు, పైన మామూలు అట్ట. ఏటా క్యాలెండర్లు, డైరీలు గుట్టలుగా అచ్చేసే శివకాశికి ఇది చేయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. యాభై, అరవై రూపాయలకు బడి పక్క కొట్లో నోటుపుస్తకాల వరుసలోనే ఇది దొరకాలి. గిఫ్టు షాపు అద్దాల వెనక కాదు.